కిలో లెక్కా? పీసు లెక్కా?

ఇన్‌స్టాలో నేను ఫాలో అయ్యే పేజీ ఒకటుంది. పాత ఇత్తడి గుండిగలో మనీ ప్లాంట్ పెట్టి, పక్కన ఓ పుస్తకం, వెనక కిటికీలోంచి పల్చటి ఎండ. కింద 'వింటేజ్ సౌతిండియన్ బ్రాస్ ప్లాంటర్' అని పేరు. ధర 6,500 రూపాయలు. షిప్పింగ్ ఎక్స్‌ట్రా. ఫోన్ అమ్మకి చూపించాను. "మొక్క బాగుంది" అంది. ధర చూపించాను. కళ్ళజోడు సర్దుకుని ఇంకోసారి చూసి, "ఎన్ని కిలోలంట?" అనడిగింది.

పేజీలో బరువు లేదు. ఎత్తు, వెడల్పు అంగుళాల్లో ఇచ్చారు. ఏ రంగు గోడ పక్కన పెడితే బాగుంటుందో కూడా రాశారు. బరువు మాత్రం రాయలేదు. "బరువు తెలీకుండా ఇత్తడి ఎలా కొంటారే?" అని అమ్మ నిజంగానే ఆశ్చర్యపోయింది. ఈ వారం కాలమ్ అంతా ఆ ఆశ్చర్యం గురించే.

మన బ్యాచ్‌లో చాలామందికి ఇప్పుడు వింటేజ్ పిచ్చి పట్టుకుంది. నాకూ ఉంది, దాచుకోను. వారమంతా స్క్రీన్ మీద కనబడేదే తప్ప చేతికి తగిలేదేమీ లేని ఉద్యోగం నాది. కష్టపడి రాసిన కోడ్‌ని ఆర్నెల్లు తిరక్కుండా ఎవరో తీసి పారేస్తారు. అలాంటిది అరవై ఏళ్ళనాటి చెంబు ఇంకా చుక్క కారకుండా నీళ్ళు పట్టుకుంటోందంటే ముచ్చటేస్తుంది. అసలు వింటేజ్ అనే మాట ద్రాక్షతోటల్లోంచి వచ్చింది. ఏ ఏడాది కోసిన ద్రాక్షతో చేసిన వైన్ అని చెప్పడానికి వాడేవాళ్ళు. ఇప్పుడది అమ్మమ్మల అటక మీదకి ఎక్కింది.

ముంబైలో చోర్ బజార్, కొచ్చిలో మట్టంచేరి, చెట్టినాడులో కారైకుడి... పాత సామాన్లకి పేరుపడ్డ బజార్లు వాళ్ళకున్నాయి. మన ఉత్తరాంధ్రలో అంత పేరున్న వీధి లేదు. ఉన్నవల్లా చిన్న టౌన్లలో సామాన్ల కొట్లు. ముందు వరుసలో తళతళలాడే కొత్తవి, వెనక గదిలో గోనెసంచుల్లో పాతవి. బోర్డు మీద 'పాత ఇత్తడి, రాగి, కంచు కొనబడును' అని ఉంటుంది. 'అమ్మబడును' అని ఉండదు. కానీ అడిగితే అమ్ముతారు.

అడుగుదామని పోయిన శనివారం పొద్దున్నే ఇద్దరం స్కూటీ ఎక్కాం. పెందుర్తిలో ఉండటంలో ఓ సుఖం ఉంది. బీఆర్‌టీఎస్ రోడ్డెక్కితే సిటీ. అటు తిరిగి కొత్తవలస మీదుగా అరకు రోడ్డు పట్టుకుంటే కాసేపట్లోనే మామిడి తోటలు మొదలు. కొత్తవలస, ఎల్.కోట, ఎస్.కోట... కోటలన్నీ చూసుకుని సాయంత్రానికి ఇంటికి రావాలని ప్లాను. అమ్మ పుట్టిల్లు కూడా ఎస్.కోట వైపే ఓ పల్లె. నా బ్యాగ్‌లో పవర్ బ్యాంక్, సన్‌స్క్రీన్. అమ్మ బ్యాగ్‌లో గోనెసంచి, తాడు, కళ్ళజోడు, మా ఫ్రిజ్ మీద ఉండాల్సిన తిరుపతి మ్యాగ్నెట్.

మ్యాగ్నెట్ ఎందుకో కొత్తవలసలో మొదటి కొట్టులో తెలిసింది. నేను ఓ దీపపు సెమ్మె చూసి మురిసిపోతున్నాను. అమ్మ మాట్లాడకుండా మ్యాగ్నెట్ తీసి దానికి తగిలించింది. టక్కున అతుక్కుంది. ఇత్తడికి అయస్కాంతం అతుక్కోదు. లోపల ఇనుము పెట్టి పైన ఇత్తడి పూత వేసిన సరుకన్నమాట. కొట్టాయన నవ్వేసి దాన్ని పక్కన పెట్టాడు. "అది డెకరేషన్‌కమ్మా" అన్నాడు.

తర్వాత కంచు. ఇత్తడంటే రాగి, జింకు కలిపింది. కంచంటే రాగి, తగరం కలిపింది. చూపుకి రెండూ ఒకలాగే అనిపించొచ్చు గానీ చెవికి దొరికిపోతాయి. అమ్మ కంచాన్ని వేళ్ళ కొసల మీద నిలబెట్టి గోరుతో చిన్నగా కొట్టింది. ఖంగుమని మొదలై, రోడ్డు మీద ఆటో వెళ్ళిపోయాక కూడా మోగుతూనే ఉంది. పక్కనున్న ఇత్తడి పళ్ళేన్ని కొడితే 'టప్' అని ఊరుకుంది. కంచు కంఠం అని ఎందుకంటారో ఇరవై ఎనిమిదేళ్ళొచ్చాక లైవ్‌లో విన్నాను. పగులున్నా ఇలాగే తెలిసిపోతుందట. పగిలిన కంచుకి మోత ఉండదు.

ఇంకో మాట కూడా చెప్పేస్తాను, మీలో ఎవరైనా పాత గుండిగ కొని పులిహోర కలిపేసేలోగా. కళాయి లేని ఇత్తడిలో పులుపు వండకూడదు. చింతపండు, మజ్జిగ, టమాటా... ఇవి రాగిని కరిగించి కూరలోకి దింపుతాయి. అందుకే లోపల తగరం పూత వేయిస్తారు. గిన్నెని బొగ్గుల మీద బాగా కాల్చి, నవాసాగరం పొడి చల్లి, తగరం ముక్క తాకించి గుడ్డతో గబగబా తిప్పేస్తే లోపలంతా వెండిలా తెల్లబడుతుంది. తగరం 232 డిగ్రీలకే కరిగిపోతుంది కాబట్టి వీధిలో పెట్టుకునే బొగ్గుల కుంపటి చాలు. ఇంజనీరింగ్ ల్యాబ్‌లో మేం చేసిన సోల్డరింగ్‌కి పెద్దమ్మ లాంటి పని. నా చిన్నప్పుడు మా వీధిలోకి తిత్తి సైకిలుకి కట్టుకుని వచ్చేవాళ్ళు. ఇప్పుడు కళాయి వేసేవాళ్ళ కోసం వెతుక్కోవాలి. కొనే ముందే ఆ ఖర్చు కలుపుకోండి.

సరే, కొట్టులో నేను గమనించింది ఇంకోటుంది. అమ్మ ప్రతి గుండిగనీ, ప్రతి బిందెనీ పక్కకి వొంచి, మూతి అంచు దగ్గర కళ్ళజోడు పెట్టి చూస్తోంది. కొనే ఉద్దేశం లేని వాటిని కూడా. మొదట సొట్టలు చూస్తోందనుకున్నాను. తర్వాత అర్థమైంది, పేర్లు చదువుతోంది.

పాత సామాన్ల మీద పేర్లుంటాయని మీలో ఎంతమందికి తెలుసో. చిన్న ఉలితో చుక్కలు చుక్కలుగా కొట్టి అక్షరాలు వేసేవాళ్ళు. ఇంటిపేరు పొడి అక్షరం, పేరు, ఒక్కోసారి ఊరు, ఒక్కోసారి ఏడాది. మా వైపు కాబట్టి ఆ వెనక గదంతా అప్పలనరసమ్మలు, పైడితల్లులు, సింహాచలాలే. నాకు తెలియని అమ్మమ్మలు ఒకరి మీద ఒకరు బోర్లించి ఉన్నట్టనిపించింది.

ఎల్.కోట దాటాక టీకి ఆగాం. "ఏం వెతుకుతున్నావే?" అని అడిగాను. "ఏటీ లేదు" అంది. టీ సగం తాగాక తనే మొదలుపెట్టింది.

అమ్మ పెళ్ళి 1995లో. సారెలో రెండు గుండిగలు, ఒక గంగాళం, నాలుగు బిందెలు, ఒక తాంబాళం, రెండు కంచు కంచాలు ఇచ్చింది అమ్మమ్మ. అన్నిటి మీదా పేరు వేయించింది. పేర్లు వేసే ఆయన అరుగు మీద కూర్చుని రెండు పూటలు కొట్టాడట. అక్షరానికి ఇంత అని లెక్క. అందుకని అమ్మమ్మ ఊరి పేరు వద్దంది, పొడి అక్షరం, పేరు మాత్రం చాలంది. ట్విట్టర్ కంటే చాలా ముందే మా అమ్మమ్మకి క్యారెక్టర్ లిమిట్ ఉంది.

ఆ సామాన్లు మా అటక మీద ఉండేవని నాకు గుర్తే. ఒక సెలవులకి ఇంటికొచ్చేసరికి లేవు. ఎలకలు చేరుతున్నాయని ఖాళీ చేశామని చెప్పారు. నేనూ పెద్దగా పట్టించుకోలేదు. స్టీలు వచ్చాక ఇత్తడి తోమే ఓపిక ఎవరికుంది? (స్టీలు సిటీ వాళ్ళం కదా అనుకునేరు. మన ప్లాంటు నుంచి వచ్చేది ఇళ్ళు కట్టే కమ్మీలు, తీగ చుట్టలు లాంటివి. వంటింటి స్టెయిన్‌లెస్ స్టీలుకీ దానికీ సంబంధం లేదు. చిన్నప్పుడు నేను మా పప్పు గిన్నె కూడా గాజువాక నుంచే వచ్చిందనుకునేదాన్ని.)

అసలు సంగతి ఎలకలు కాదు. 2014లో నాకు ఇంజనీరింగ్ సీటు వచ్చింది. హాస్టల్ అడ్వాన్స్ సోమవారంలోపు కట్టాలి. నాన్న జీతానికి ఇంకా పది రోజులుంది. మెడలో గొలుసు అప్పటికే బ్యాంకులో ఉంది. ఆదివారం మధ్యాహ్నం ఆటో మాట్లాడుకుని అమ్మ ఒక్కతే సామాన్లన్నీ కొట్టుకి పట్టుకెళ్ళింది. 41 కిలోలు తూగాయి. కిలో 260 చొప్పున 10,660 రూపాయలు. పదకొండేళ్ళయినా లెక్క రూపాయితో సహా గుర్తుంది.

"ఏడుపొచ్చిందా?" అని అడిగాను. సినిమాలో అయితే ఇక్కడ ఔనంటారు.

"ఏడుపెందుకే? అందుకే కదా అమ్మ ఇచ్చింది" అంది. "బ్యాంకుకెళ్తే సంతకాలంటాడు, ష్యూరిటీ అంటాడు. ఇత్తడికి అవేం అక్కర్లేదు. త్రాసులో పడేస్తే డబ్బు చేతిలో పడుద్ది. కంచాలు రెండూ అమ్మకుండా ఉంచాల్సింది, అదొక్కటే."

ఆ తర్వాత పది కిలోమీటర్లు బండి తోలుతూ దీని గురించే ఆలోచించాను. మా ఇంటి కాగితాలు నాన్న పేరు మీద ఉన్నాయి. బండి ఆర్‌సీ నా పేరు మీద. మా ఇంట్లో అమ్మ పేరు అక్షరాలా రాసి ఉన్న ఆస్తి ఆ గుండిగలే. పెళ్ళిలో ఆడపిల్లకి పుట్టింటివాళ్ళు ఇచ్చింది పూర్తిగా ఆమెదే, అత్తింటివాళ్ళది కాదు అని సుప్రీంకోర్టు 1985లో ప్రతిభారాణి కేసులో చెప్పింది. మా అమ్మమ్మకి ఆ కేసు సంగతి తెలిసే అవకాశం లేదు. అక్షరానికి డబ్బులిచ్చి గుండిగ మూతి మీద పేరు కొట్టించింది. దస్తావేజు లాంటిదే కదా అది కూడా.

ఎస్.కోటలో మేం వెళ్ళిన కొట్టు వెనక గది పెద్దది. బల్బు ఒక్కటే. అమ్మ వరసగా వొంచి చదువుకుంటూ పోతోంది, నేను ఫోన్ టార్చ్ పట్టుకున్నాను. ఒక గుండిగ మీద 1962 అని ఉంది. నేను 'యాంటిక్!' అన్నాను. కాదు. మన దేశంలో 1972 చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన వస్తువే పురావస్తువు, చేతిరాత ప్రతులకైతే 75 ఏళ్ళు. పురావస్తువుల్ని దేశం దాటించడానికి మామూలు మనుషులకి వీల్లేదు. డల్లాస్ నుంచి మా కజిన్ 'పాత విగ్రహాలేమైనా దొరికితే పంపవే' అని మెసేజ్ పెట్టింది. చెంబులు కావాలంటే పంపుతాను గానీ విగ్రహాల జోలికి నేను పోను, మీరూ పోకండి.

నాకు అక్కడ ఓ మరచెంబు నచ్చింది. చూడని వాళ్ళ కోసం చెప్తున్నాను: మూత మర తిప్పి బిగించే చెంబు. ప్లాస్టిక్ సీసాలు రాకముందు రైలు ప్రయాణాల్లో మంచినీళ్ళు ఇందులోనే. మూతకి చెంబుకి మరలు కలిసాయో లేదో తిప్పి చూసుకోవాలి, వేరే చెంబు మూత తగిలించి అమ్మేస్తుంటారు. దీనికి కలిసాయి. బొజ్జ మీద పేరు కూడా ఉంది గానీ తోమి తోమి అరిగిపోయింది. చివర 'మ్మ' ఒక్కటే కనిపిస్తోంది. దాంతో ఎవర్ని పట్టుకుంటాం, ఈ పక్క ఆడవాళ్ళ పేర్లలో సగం అలాగే ముగుస్తాయి.

"ఎంత బాబూ?" అంది అమ్మ.

"పద్దెనిమిదొందలమ్మా."

"త్రాసులో పెట్టు."

"అది కిలో లెక్క కాదమ్మా, పీసు లెక్క."

అమ్మ తనే తీసుకెళ్ళి త్రాసులో పెట్టింది. కిలో నూట యాభై గ్రాములు. "పాతిత్తడి ఎంతకి అమ్ముతున్నావు?"

"ఆరొందలు."

"అంటే ఆరొందల తొంభై. ఇంకో పది వేసుకో."

"అలా రాదు తల్లీ. ఈ చెంబులిప్పుడు వైజాగ్ నుంచి, హైదరాబాద్ నుంచి వచ్చి పట్టుకెళ్తున్నారు. హోటళ్ళోళ్ళు, కాఫీ షాపులోళ్ళు. ఏడొందలకి ఎవరిస్తారు?"

అప్పుడు అమ్మ గొంతు పెంచకుండానే అడిగింది. "ఇది నీకు అమ్మినావిడకి ఏ లెక్కనిచ్చావు?"

ఆయన వెంటనే జవాబు చెప్పలేదు. "కిలో లెక్కే" అన్నాడు.

"మరి నాకెందుకు పీసు?"

ఈ వాదనలో అమ్మ గెలిచేసిందనుకుని నేను లోపల విజిల్ వేసుకుంటున్నాను. ఆయన మాత్రం ఓడిపోలేదు. స్టూలు మీద కూర్చుని నెమ్మదిగా చెప్పాడు. "అమ్మా, మీరన్నది నిజమే. కానీ కిలో లెక్కయితే ఇది ఇక్కడుండదు. నాలుగైదు నెలలు చూస్తాను, ఎవరూ అడక్కపోతే బస్తాకెత్తి పంపేస్తాను. కొలిమిలో పడిపోద్ది. పీసు లెక్కకి కొనేవోళ్ళున్నారనే దీన్ని పక్కకి తీసి ఉంచాను. లేపోతే మీ చేతికి వచ్చేదేటి?"

ఇది నాకు నచ్చింది, అమ్మకీ నచ్చిందని ముఖం చూస్తే తెలిసింది. వింటేజ్ పేజీల మీద జోకులేసేవాళ్ళు చాలామంది ఉన్నారు, పైన నేనూ వేశాను. కానీ ఆ పేజీలు, ఆ కాఫీ షాపులు లేకపోతే ఈ చెంబు ఈపాటికి కరిగిపోయేది. అలాగని ఆ పద్దెనిమిదొందల్లో పైసా కూడా పేరు చెక్కించుకున్న ఆవిడకి వెళ్ళదు. అవసరంలో ఉన్నవాళ్ళకి వెంటనే దొరికేది కిలో ధరే. ఆగగలిగినవాళ్ళకే పీసు ధర. కాబట్టి మీ ఇంట్లో అటక దింపుతుంటే ఒక్క పని చేయండి. త్రాసుకి పంపే ముందు ఒకసారి అన్నీ కింద పరిచి ఫొటోలు తీయండి. మరచెంబు, ఉగ్గుగిన్నె, సోల, తవ్వ, కంచు కంచం లాంటివి విడిగా పెట్టండి. సొట్టలు పడ్డ బిందెలు కిలో లెక్కకి ఇచ్చినా పర్లేదు. ఆ పదినిమిషాల పని చేసే తీరిక 2014లో అమ్మకి లేదు. ఇప్పుడు మనకి ఉంది.

చెంబు పన్నెండొందలకి తెగింది. ఆయన ఆరొందలు దిగాడు, అమ్మ ఐదొందలు ఎక్కింది. మధ్యలో ఓ ఇనప అట్ల పెనం కూడా ఎప్పుడు బేరం చేసిందో, గోనెసంచిలో కనిపించింది.

డబ్బులు ఫోన్‌పేలో కొడుతుంటే అమ్మ మామూలుగా అడుగుతున్నట్టు అడిగింది. "పదేళ్ళ కింద కొన్న సామాన్లు ఎవరి దగ్గరైనా ఇంకా ఉంటాయేటి?"

"ఎక్కడ కొన్నవమ్మా?"

"పెందుర్తిలో."

"ఉండవమ్మా. పదేళ్ళంటే రెండు మూడుసార్లు కరిగుంటాయి."

నిజమే. పాత ఇత్తడి ఊళ్ళో ఆగదు. ఇత్తడి విడిభాగాలకి గుజరాత్‌లో జామ్‌నగర్, సామాన్లకి యూపీలో మొరాదాబాద్ పెట్టింది పేరు. మన దగ్గర బస్తాకెత్తిన తుక్కు కొలిమి చేరితే ట్యాపు కావచ్చు, తలుపు గడియ కావచ్చు, మళ్ళీ గుండిగే కావచ్చు. బండి దగ్గరికి నడుస్తూ ఇదే చెప్పాను. అమ్మ నవ్వింది. "అయితే మన గంగాళం ఎవరింట్లోనో స్నానాల గదిలో ట్యాపయి ఉంటుంది. అక్కడా నీళ్ళ పనే" అంది.

బయల్దేరేముందు కొట్టాయన వెనకనుంచి పిలిచాడు. "అమ్మా, బఫింగ్ మిషనుంది. ఆ గీతలు, ఆ అక్షరాలు చెరిపేసి కొత్తదానిలా చేసిస్తాను. డబ్బులొద్దు." వింటేజ్ పేరుతో అమ్మేవాళ్ళలో కొందరు అదే చేయించుకుంటారట. పేరుంటే సెకండ్ హ్యాండ్‌లా ఉంటుందని కస్టమర్లకి నచ్చదట. వింటేజ్ కావాలి గానీ వాడినది కాకూడదు, ఇదేం రిక్వైర్‌మెంటో నాకు అర్థం కాలేదు. అమ్మ వద్దంది.

ఇంటికొచ్చి చింతపండు, ఉప్పుతో తోమింది. నేను చెప్పిన పుస్తకాల షెల్ఫ్‌లో కాకుండా నీళ్ళు నింపి డైనింగ్ టేబుల్ మీద పెట్టింది. పెనం మీద ఆదివారం అట్లు పడ్డాయి, మొదటి మూడూ అతుక్కుపోయాయి.

మంగళవారం సాయంత్రం పక్కింటి ఆంటీ వచ్చారు. నేను మీటింగ్‌లో ఉన్నాను, మ్యూట్‌లో పెట్టుకుని వింటున్నాను. ఆవిడ చెంబు తిప్పి చూసి, "ఏదో పేరుందండీ, 'మ్మ' అని. మీ అత్తగారా?" అని అడిగారు.

"కాదండీ. తెలిసినావిడే" అంది అమ్మ, మూత తిప్పి గ్లాసులో నీళ్ళు పోస్తూ.